మామ పేరు, మేస్త్రీ స్కేలు

నాందేడ్‌లో ఫ్లెక్సు డిజైను నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాతకాలం అక్షరాల గురించి చెప్పమంటారు. నేను చెప్తాను. వాళ్లు ఫోనులో రికార్డు చేసుకుంటారు. తర్వాత ఎవరూ వినరని నాకు తెలుసు. అందుకే రాసి పెడుతున్నాను. ఇది కూడా చదవకపోతే తప్పు నాది కాదు.

ప్రెస్సులో ఎప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి రాయను. అవన్నీ మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటిమీద నాకంటే చెదలకే ఎక్కువ ఆసక్తి. నేను జీవితమంతా చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇతరుల పేర్లను వాళ్లు కోరుకున్నంత పెద్దగా చూపించడం. మొదట సీసం అక్షరాలతో చేశాను, తర్వాత కంప్యూటరుతో చేశాను. దాన్నిప్పుడు డిజైను అంటున్నారు. సంతోషం.

నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సు మీద కింద వరసల్లో ముఖాలు వేస్తారు కదా. రెండో వరసలో మూడో ముఖం మనిషి దుకాణానికి వచ్చి, తన తల పక్కవాడి తలకంటే చిన్నగా ఉందని పోట్లాడతాడు. మీరు అది కొత్త రోగం అనుకుంటున్నారు. చాలా పాతది. మా కాలంలో తలకాయలకు బదులు పేర్లుండేవి, అంతే తేడా. ఆ రోగం నా పెళ్లినే పట్టుకుంది. ఆ కథే చెప్తాను.

నాలుగు లిపులు, ఒక మాలక్

వజీరాబాద్ గల్లీలో మా ప్రెస్సు. ప్రధానంగా మరాఠీ పని. గురుద్వారాకు వచ్చే యాత్రికుల కోసం కొంత గురుముఖి. ఉర్దూ పని మేమంతా ఉస్తాద్ అని పిలిచే లేఖకుడు చేత్తో రాసేవాడు, ఎందుకంటే ఆ రాత ఒక్కో మాటలోనూ పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. నలుచదరపు సీసం ముక్కల్లో అది ఒదగదు. ఊళ్లో మిగతా అందరూ అక్షరాలు పేర్చుకుంటుంటే, ఉర్దూ పత్రికలు మాత్రం కంప్యూటరు వచ్చేదాకా మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా కలంతోనే రాయించుకున్నాయి. ఒక మనిషి ప్రతిరోజూ ఒక పత్రిక మొత్తం చేత్తో రాయడం ఎట్లుంటుందో ఒకసారి ఊహించుకోండి. ఉస్తాద్ కొన్నాళ్లు ఆ పని చేసి మా దగ్గరికి వచ్చినవాడే.

ఇక తెలుగు. నిజామాబాద్ వైపు ఎక్కడో మూతపడ్డ ప్రెస్సు నుంచి మా మాలక్, అంటే ప్రెస్సు యజమాని, తెలుగు టైపు పెట్టెలు కొనుక్కొచ్చాడు. అందులో రెండే సైజులు, చిన్నదీ పెద్దదీ. ప్రెస్సు మొత్తంలో ఆ అక్షరాలు చదవగలిగింది నేనొక్కణ్నే. మా ఊళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ చదువుతాం. మాట ఒకటి, అక్షరాలు వేరొకటి. నాన్న పోయాక నేను కొన్నాళ్లు కర్ఖేలిలో మామ దగ్గర పెరిగాను. తెలుగు అక్షరాలు నాకు మామే దిద్దించాడు. నేనొక్కటి తప్పు రాస్తే ఆయన పలక మొత్తం తుడిచేసేవాడు.

మాలక్ మరాఠీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ప్రతి తెలుగు ప్రూఫునూ కళ్లద్దాలు పెట్టుకుని ఎంతో శ్రద్ధగా చూసి, బాగుందని "ఛాన్" అనేవాడు. ఆయన చూసేది అంచులు సరిగ్గా ఉన్నాయా, సిరా అంతటా సమానంగా పడిందా అని. అక్షరాలు తలకిందులుగా ఉన్నా ఆయనకు ఛానే. ఆయన నేర్పిన ఒకే ఒక్క సూత్రం, ప్రూఫు మీద గిరాకీతో, అంటే పనిచ్చినవాడితో, సంతకం పెట్టించుకో అని. సంతకం పడ్డాక తప్పు మనది కాదు. చాలా గొప్ప సూత్రమని చాలాకాలం నమ్మాను.

దిమ్మె సైజు, అక్షరం సైజు

మీరు కంప్యూటరులో పద్దెనిమిది అని కొట్టగానే అక్షరం పద్దెనిమిది పాయింట్లు అయిందనుకుంటారు. కాదు. ఆ అంకె అక్షరానిది కాదు, అక్షరాన్ని మోసిన సీసం దిమ్మెది. దిమ్మెలు పోయి ఎన్నేళ్లయినా కొలత మాత్రం వాటిదే మిగిలింది. కనిపించని దిమ్మెను కొలుస్తూ, కనిపించే అక్షరాన్ని కొలిచామనుకుంటున్నారు.

మా పెట్టెల్లోని మరాఠీ అక్షరం పైగీతకు వేలాడుతూ దిమ్మె నిండా కాళ్లు చాపుకుని ఉండేది. తెలుగు అక్షరానికి ఆ భాగ్యం లేదు. పైన తలకట్టుకూ గుడికీ చోటుండాలి, కింద వత్తుకు చోటుండాలి. ఆ రెండింటికీ వదిలాక మధ్యలో మిగిలినంతలో అక్షరం ముడుచుకుని కూర్చోవాలి. అందుకే ఒకే సైజు మరాఠీనీ తెలుగునూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపించవు, తండ్రీకొడుకుల్లా కనిపిస్తాయి. ఇది నాకు చేరిన మొదటి ఏడే తెలుసు. తెలిసీ, నా పెళ్లి కార్డు దగ్గరికి వచ్చేసరికి సంబరంలో మరిచిపోయాను.

మొదటి ప్రూఫు

పెళ్లికూతురు సునందది ఉమ్రి. వాళ్ల నాన్న రైలు పట్టాల గ్యాంగులో మేస్త్రీ. వాళ్లింట్లోనూ తెలుగే మాట్లాడతారు, కాని చదువంతా మరాఠీ. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. మా చుట్టాల్లో సగం మంది నిజామాబాద్ వైపు, వాళ్లకు తెలుగు తప్ప వేరేది చదవడం రాదు. అందుకని కార్డు రెండు లిపుల్లో అనుకున్నాం. ఎడమవైపు తెలుగు, కుడివైపు మరాఠీ. తెలుగు వైపు కింద, ఆహ్వానించేవారుగా మా మామ పేరు. మరాఠీ వైపు కింద మేస్త్రీ పేరు. రెండూ పద్దెనిమిది పాయింట్లు.

నా కార్డు నేనే కూర్చాను. ప్రూఫు ఉమ్రికి ఒకటి పంపించి, ఇంకొకటి కర్ఖేలి నుంచి వచ్చిన మామ చేతిలో పెట్టాను. మామ కార్డును చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, మళ్లీ దూరంగా పట్టుకున్నాడు.

"ఏంది అల్లుడా గిది? ఆయన పేరు గోడ మీద రాసినట్టున్నది. నా పేరు చీమలు పాకినట్టున్నది."

"రెండూ ఒక్కటే సైజు మామా. కావాల్నంటె పెట్టె సూపిస్త."

"పెట్టె సుట్టాలకు సూపియ్యి. నేను మాత్రం గిట్ల అచ్చేస్తె మండపానికి రాను."

అది ఉత్త బెదిరింపు కాదు. మా వైపు పెళ్లిలో అడ్డంగా పట్టిన తెర దించేదాకా వరుడి వెనక మేనమామ నిలబడాలి. నాకు నాన్న లేడు. ఆయన కూడా రాకపోతే నా వెనక నిలబడే మనిషే ఉండడు. పిల్లనిచ్చేవాళ్లు అది చూస్తూ ఊరుకోరు. మామకు ఇదంతా నాకంటే బాగా తెలుసు.

రెండో ప్రూఫు

తెలుగులో అంతకంటే పెద్ద సైజు మా దగ్గర లేదు. కాబట్టి మరాఠీనే దించాను. మేస్త్రీ పేరు పద్నాలుగుకు తెచ్చాను. పక్కపక్కన పెడితే రెండు పేర్లూ కంటికి సరిసమానంగా ఉన్నాయి. మామ మొహం విప్పారింది, అప్పటికప్పుడు సంతకం పెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయి, రైలెక్కి ఉమ్రి వెళ్లాను.

మేస్త్రీ టీ ఇప్పించి, కార్డు అందుకుని, చొక్కా జేబులోంచి ఒక చిన్న స్టీలు స్కేలు తీశాడు. రెండు పట్టాల మధ్య దూరం ఎక్కడా వెంట్రుకంత మారకుండా చూడటమే ఆయన ఉద్యోగం. అట్లాంటి మనిషి చేతికి నేను కొలవదగిన వస్తువు ఇచ్చాను. పాత ప్రూఫు కూడా మడత పెట్టి దాచి ఉంచాడు, అదీ బయటికి తీశాడు. రెండిటిలోనూ తన పేరు ఎత్తు కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"అర సూతు తక్కువున్నది" అన్నాడు.

మా వైపు మేస్త్రీలూ, సుతార్లనే వడ్రంగులూ సూతులతోనే కొలుస్తారు, అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు. నేను తలకట్టు, వత్తు, దిమ్మె అంటూ ఏదో మొదలుపెట్టాను. ఆయన నెమ్మదిగా స్కేలు జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు, అందుకే నాకు భయమేసింది.

"నేను పట్టాలు సూసెటోన్ని బిడ్డా. ఒక పట్టా అర సూతు దిగితె బండి ఊగుతది. పిల్లనిచ్చెటోని పేరు ముందుగాల్నే దించుతరా? కార్డు బరోబరి అయినంక రా. పెండ్లి ముచ్చట అప్పుడు మాట్లాడుదం."

తలుపు పక్కన సునంద నిలబడి ఉంది. నేను లేచి వస్తుంటే నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరు ముసలివాళ్ల మధ్య సీసం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరైనా అట్లాగే చూస్తారు. తిరుగు బండిలో నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల నాకు చాలా నచ్చింది. అచ్చు పనిలో మొనగాణ్నని చెప్పుకునేవాణ్ని, నా పెళ్లి రెండు పేర్ల ఎత్తు దగ్గర ఆగిపోయింది.

ఉస్తాద్ బొటనవేలు

ఉస్తాద్ ఎప్పుడూ స్కేలు ముట్టేవాడు కాదు. కలం మొనతో కాగితం మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్కలు ఎన్ని పడితే అక్షరం అంత ఎత్తు అని కొలిచేవాడు. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతోబాటు అక్షరం మొత్తం మారుతుంది. నేను రెండు ప్రూఫులూ ఆయన ముందు పరిచి నా గోడు చెప్పుకున్నాను. ఆయనకు తెలుగు రాదు. రాకపోవడమే మంచిదైంది, పేర్లు కాకుండా నలుపూ తెలుపూ మాత్రమే చూశాడు.

మొదటి ప్రూఫు తీసుకుని, మామ పేరుకు పైన ఉన్న వరసను ఒక బొటనవేలితో, కింద ఉన్న వరసను ఇంకో బొటనవేలితో మూశాడు. నా కళ్ల ముందే మామ పేరు ఉబ్బింది. వేళ్లు తీశాడు, మళ్లీ నలిగిపోయింది.

"కాగజ్ కో నై, ఆంఖ్ కో నాపో బేటా" అన్నాడు. కాగితాన్ని కాదు, కన్నును కొలవమని.

పేరు పెద్దది చేయడానికి పేరును పెంచక్కర్లేదు, చుట్టూ ఉన్నవాటిని తప్పిస్తే చాలు. నా వృత్తిలో నేర్చుకున్న అసలు విద్య అదే, అది నాకు నేర్పింది నా లిపి చదవడం రాని మనిషి. మీరు ఖాళీ వదిలితే గిరాకీ వచ్చి జాగా దండుగ అంటాడు, అక్కడ ఇంకో ముఖం పెట్టమంటాడు. వినకండి. వింటే మాత్రం అన్ని ముఖాలూ చిన్నవవుతాయి. ఇంకో సంగతి, సీసం కాలంలో ఖాళీ ఊరికే రాదు. కాగితం మీద తెల్లగా కనిపించేచోట పొట్టి సీసం ముక్కలు పేర్చి బిగించాలి, లేకపోతే అక్షరాలన్నీ జారిపోతాయి. మాకు తెలుపు కూడా బరువే.

ఆ రోజే కూర్చున్నాను. మేస్త్రీ పేరును తిరిగి పద్దెనిమిదికి ఎక్కించాను, కాని దాని చుట్టూ వాళ్ల చుట్టాల పేర్లను దగ్గర దగ్గరగా కుక్కాను. తెలుగు వైపు మామ పేరుకు పైనా కిందా ఖాళీ కావాలి. దేవుడి వరసను చిన్న సైజుకు మార్చాను. మండపం అడ్రసును కుదించాను. ఇంకా చాలలేదు. పెద్ద అక్షరాల వరస ఒకటి మధ్యలోంచి ఎత్తి, దారంతో కట్టి, పక్కన బల్లమీద పెట్టాను. దాన్ని తర్వాత చిన్న అక్షరాల్లో వేరేచోట ఇరికిద్దామనుకున్నాను. అప్పుడు మామ పేరు చూసుకుంటే, పెద్ద మంచం మీద ఒక్కడే పడుకున్న దొరలా ఉంది. పరవశించిపోయి నేరుగా ప్రూఫు తీశాను.

మామ చూసి, "ఇగో, గిప్పుడు మనిషి పేరు తీర్గ ఉన్నది" అన్నాడు. మేస్త్రీ స్కేలు పెట్టి చూసి, "బరోబర్" అన్నాడు. మాలక్ అంచులు చూసి ఛాన్ అన్నాడు. ఉస్తాద్ నా భుజం తట్టాడు. ప్రూఫు మీద మామ సంతకం, మేస్త్రీ సంతకం, వాటి కింద నా సంతకం. కార్డు మిషనెక్కింది. నాలుగు మూలలా పసుపు పూసి పంచాం. పెళ్లిరోజు మామ తలకు కొత్త రుమాలు చుట్టుకుని నా వెనక నిటారుగా నిలబడ్డాడు. వచ్చినవాళ్లంతా కడుపునిండా తిని వెళ్లారు, కార్డు బాగుందని కూడా అన్నారు.

మామ ఉత్తరాలు

పెళ్లయ్యాక మామ కర్ఖేలి నుంచి తెలుగులో కార్డుముక్కలు రాసేవాడు. నేను సునందకు చదివి వినిపించేవాణ్ని. కోడలి వంట గురించి ఆయన రాసిన వాక్యాలను దాటేసేవాణ్ని. ఆమెకు అనుమానమొచ్చింది. ఒక మధ్యాహ్నం, ఇంత నిండుగా రాసిన కార్డు నువ్వు చదివితే రెండు ముక్కల్లో ఎట్లా అయిపోతుందని అడిగింది. ఇక తనే తెలుగు నేర్చుకుంటానంది. ఇంట్లో అచ్చులో ఉన్న తెలుగు మా పెళ్లి కార్డు ఒక్కటే. అందరి పేర్లూ తెలిసినవే కాబట్టి ఊహించి చదవడం తేలికని, గర్వంగా అదే ఆమె చేతికిచ్చాను.

కొన్ని రోజులకు అక్షరాలు పట్టుకుంది. వేలు పెట్టి ఒక్కో వరసా కూడబలుక్కుంటూ చదివింది.

"గిది నీ పేరు. గిది మా బాపు పేరు. గిది మామ పేరు." వేలు మళ్లీ పైకి పోయింది, మళ్లీ కిందికి వచ్చింది. "నాదేది?"

ఫలానావారి పెద్ద కుమార్తె అని ఒక వరస. దాని కింద ఆమె పేరు, విడిగా, పెద్ద అక్షరాల్లో. దాని కింద 'తో' అని మొదలై మిగతా వాక్యం. నేను ఎత్తి పక్కన పెట్టింది ఆ మధ్య వరసనే. మరాఠీ వైపు ఆమె పేరు ఉండనే ఉంది, పోయింది తెలుగు వైపే. అది లేకపోయినా వాక్యం సాఫీగా సాగిపోయింది, ఫలానావారి పెద్ద కుమార్తెతో వివాహమని. ఎవరి కన్నూ ఎక్కడా తట్టుకోలేదు. నేను వేలకొద్దీ పేర్లు కూర్చినవాణ్ని, ఆ వాక్యం మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో.

"పెద్ద కూతురు అని ఉన్నది గదా" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాటల్లో అంత పనికిమాలిన మాట ఇంకోటి లేదు.

ఆమె కార్డు మీద వేలు తీయలేదు. "మీ మామ దూరం వట్టి సూసిండు. మా బాపు స్కేలు వెట్టి సూసిండు. నువ్వు కూసొని కట్టినవ్. నేను లేనని ఒక్కలకు తెల్వలె" అన్నది.

మర్నాడు ప్రెస్సుకు వెళ్లి వెతికితే, బల్ల చివర దుమ్ములో దారం కట్టిన ఆ వరస అట్లాగే ఉంది. సీసంలో సునంద. పెళ్లయి అన్ని నెలలైనా ఎవరూ కదిలించలేదు. సరిచేసి మళ్లీ అచ్చేస్తానని ఇంటికొచ్చి చెప్పాను. వద్దంది.

"గట్లనే ఉండనీ. ఎవలన్న నీ పని మస్తుంటదంటె గిది సూపిస్త."

ఆ తర్వాత మా ప్రెస్సులో ఏ తెలుగు కార్డూ ఆమె చదవకుండా మిషనెక్కలేదు. సంతకాల మీద నా నమ్మకం ఆరోజే పోయింది. సంతకం పెట్టేవాడు తన పేరు చూసుకుని పెడతాడు. కాబట్టి చూసుకోవడానికి ఎవరూ రాని పేరు ఏదో, దాన్ని ముందు చదవండి. పెళ్లికూతురిది కావచ్చు, చనిపోయినవాళ్ల భార్యది కావచ్చు, సంతాపం కార్డులో చిన్న పిల్లలది కావచ్చు. మాలక్ చెప్పనిది, ఉస్తాద్ చెప్పనిది ఇదొక్కటే, ఆమె వల్ల నేర్చుకున్నాను.

సన్మానం

నేను పని మానేసిన రోజు ప్రెస్సువాళ్లు చిన్న సభ పెట్టారు. మాలక్ పోయాడు, ఉస్తాద్ పోయాడు, మామా మేస్త్రీ కూడా లేరు. మాలక్ కొడుకు శాలువా కప్పి, ఈయన చేతిలో ఏనాడూ ఒక్క తప్పు పోలేదని మరాఠీలో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో నేను సునంద వైపు చూశాను. అప్పటికే ఆమె సంచిలో చెయ్యి పెట్టింది.

లేచి ఆ కార్డు తీసి, తెలుగు వచ్చినవాళ్లు దీంట్లో తప్పు పట్టండని చెప్పి ముందు వరసకు ఇచ్చింది. ధర్మాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు పాత కంపోజిటర్లు కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. ఒకాయన ఒక వత్తు కొంచెం జారిందన్నాడు. రిటైరైన తెలుగు మాస్టరు వాక్యాలన్నీ శుద్ధంగా ఉన్నాయన్నాడు. మామ కొడుకు అందుకుని, "మా బాపు పేరు ఎంత మంచిగ వడ్డదో సూడుండ్రి" అని పక్కవాళ్లకు చూపించాడు. కార్డు అన్ని చేతులూ తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. తప్పేమీ లేదన్నారు అందరూ.

ఆమె నా వైపు చూసింది. నవ్వుతోందో లేదో నాకు తెలియలేదు. నన్ను రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో చీటీ రాసుకెళ్లాను, అది తీయలేదు. ఆ కార్డులో తెలుగు వైపు పెళ్లికూతురి పేరు లేదని చెప్పాను. అది కూర్చింది నేనేనని చెప్పాను. ఆ పేరు సునంద అని చెప్పి కూర్చున్నాను.

ఆమె కార్డు మడిచి సంచిలో పెట్టుకుంటూ, నాకు మాత్రమే వినపడేట్టు అన్నది.

"గీ ఒక్క మాట చెప్పనీకి గిన్నేండ్లు వట్టిందా నీకు."